తోటివాళ్ళ మధ్యే మాట: టస్కరోరా భాష, చరిత్ర

(తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, చోటు చాలక వెనక నిలబడి వింటున్న విద్యార్థులకు నమస్కారం.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకునేటప్పుడు మనం ఎక్కువగా వ్యావహారిక భాషోద్యమం గురించే మాట్లాడుకుంటాం. ఆ సంగతులు నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నేను పంతులుగారి రెండో పని దగ్గరికి వస్తాను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ఆయన సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో ఉంచుకుని మరీ నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు సొంత డబ్బుతో పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆ తరవాత నిఘంటువులు వచ్చాయి. వీటిలో బడులు పెట్టడమన్న పనిని మనం తక్కువగా తలుచుకుంటాం. ఈ పూట నేను చెప్పేదంతా ఆ పని ఎందుకు పెద్దదో చెప్పడానికే.

పంతులుగారు 1863లో పుట్టి 1940లో కన్నుమూశారు. దాదాపు అదే కాలంలో, 1859 నుంచి 1937 దాకా, అమెరికాలో జాన్ నెపోలియన్ బ్రింటన్ హ్యూయిట్ అనే ఆయన జీవించారు. టస్కరోరా అనే భాషను రాసిపెట్టడానికి ఆయన జీవితమంతా ధారపోశారు. ఆ భాష గురించి, దాన్ని మాట్లాడిన జనం గురించి, ఇప్పుడు దాన్ని మళ్ళీ నేర్చుకుంటున్న పిల్లల గురించి మీకు చెబుతాను.

ఈ సభలో నయాగరా జలపాతం చూసి వచ్చినవాళ్ళు తప్పకుండా ఉంటారు. అమెరికాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులు అక్కడికి వెళ్ళకుండా తిరిగి రావడం అరుదు. ఆ జలపాతం నుంచి కారులో అరగంట లోపు దూరంలో, లూయిస్టన్ అనే పట్టణం పక్కన, దాదాపు ఆరు వేల ఎకరాల నేల ఉంది. అది టస్కరోరా జాతి నేల. అక్కడి పెద్దల సభకు తన చట్టం, తన సంప్రదాయం ఉన్నాయి. పుట్టిన బిడ్డ ఏ వంశానికి చెందుతుందో తల్లి వైపు నుంచి నిర్ణయమవుతుంది. ఎలుగుబంటి, తోడేలు, తాబేలు, బీవరు వంటి పేర్లతో వంశాలున్నాయి. వంశమాతలు అనే పెద్ద ఆడవాళ్ళే నాయకులను ఎంపిక చేస్తారు. బస్సు దిగి జలపాతం ముందు ఫొటో తీసుకుని వెనక్కి తిరిగే లక్షల మందిలో ఈ సంగతి తెలిసినవాళ్ళు చాలా తక్కువ.

నిజానికి వాళ్ళ తొలి ఊళ్ళు అక్కడ లేవు. దక్షిణాన, ఇప్పటి ఉత్తర కెరొలీనా రాష్ట్రపు తూర్పు భాగంలో, రోనోక్, టార్, న్యూస్ నదుల పరీవాహకంలో ఉండేవి. మొక్కజొన్న, చిక్కుడు పండిస్తూ, వేటాడుతూ బతికిన జనం. జాన్ లాసన్ అనే ఇంగ్లీషు సర్వేయరు ఆ ప్రాంతమంతా తిరిగి 1709లో ఒక పుస్తకం అచ్చువేశాడు. టస్కరోరాలకు పదిహేను ఊళ్ళు, 1,200 మంది యోధులు ఉన్నారని అందులో రాశాడు. వాళ్ళ మాటల పట్టిక ఒకటి ఇచ్చాడు. ఆ భాషకు మనకు దొరికే తొలి రాత అదే. మశూచి, సారా కలిసి యాభై ఏళ్ళలో ఆ చుట్టుపట్ల ఆదివాసులను ఆరో వంతు కూడా మిగల్చలేదని కూడా ఆయనే రాశాడు. ఇంత చూసిన మనిషి, ఇంత తెలిసిన మనిషి, గొలుసు పట్టి ఆ నేలనే కొలిచి వలసదారులకు ముక్కలు చేసి ఇచ్చే పనిలో ఉన్నాడు. 1710లో టస్కరోరాల నేల మీదే న్యూ బెర్న్ అనే పట్టణం వెలిసింది. మాటలు రాసుకున్న చేతితోనే ఊళ్ళకు హద్దురాళ్ళు వేస్తే ఆ రాత ఎవరి కోసం రాసినట్టు? భాషాశాస్త్రం చదివే విద్యార్థులను ఈ ప్రశ్న మనసులో ఉంచుకోమని కోరుతున్నాను.

అదే 1710లో జరిగిన ఒక సంగతి దగ్గర కాసేపు ఆగుతాను. ఈ చరిత్రంతటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది అదే. ఆ రోజుల్లో ఇంగ్లీషు వ్యాపారులు టస్కరోరా పిల్లలను, ఆడవాళ్ళను పట్టుకుపోయి బానిసలుగా అమ్మేవారు. ఆ బాధ పడలేక, ఉత్తరాన ఉన్న పెన్సిల్వేనియాకు వచ్చి బతకనివ్వమని అడగడానికి టస్కరోరాలు రాయబారులను పంపారు. ఆ రాయబారులు ఎనిమిది వాంపమ్ పట్టీలు వెంట తీసుకెళ్ళారు. వాంపమ్ అంటే గవ్వల నుంచి చెక్కిన పూసలను గుచ్చి అల్లిన పట్టీ. ఆ జాతులకు అది ఒప్పందపత్రం లాంటిది. ఒక్కో పట్టీ ఒక్కో వర్గం తరఫున మాట్లాడుతుంది. మొదటిది ముసలి ఆడవాళ్ళది. భయం లేకుండా కట్టెలూ నీళ్ళూ తెచ్చుకునే వీలు కల్పించమని వాళ్ళు అడిగారు. రెండోది పిల్లలది. పుట్టినవాళ్ళది, ఇంకా కడుపులో ఉన్నవాళ్ళది కూడా. బానిసత్వం భయం లేకుండా ఆడుకోవడానికి కాస్త చోటు ఇమ్మని వాళ్ళ కోరిక. మూడోది యువకులది. తల్లులకూ పిల్లలకూ మాంసం తేవడానికి ఊరు దాటి వెళ్ళినప్పుడు చావు భయం, చెర భయం ఉండకూడదని అడిగారు.

పెన్సిల్వేనియా అధికారులు ఏమన్నారో తెలుసా? మీరు మంచిగా నడుచుకునేవాళ్ళేనని కెరొలీనా ప్రభుత్వం దగ్గర నుంచి ధ్రువపత్రం తీసుకురండి అన్నారు. ఎవరి నుంచి పారిపోదామనుకున్నారో వాళ్ళనే సంతకం అడగమన్నారు.

మరుసటి సంవత్సరం, 1711 సెప్టెంబరులో, యుద్ధం మొదలైంది. లాసన్‌ను టస్కరోరాలు బంధించి చంపారు. సెప్టెంబరు 22న వలస ఊళ్ళ మీద దాడి చేశారు. అందులో వలసవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. యుద్ధం ఎటు నుంచి చూసినా క్రూరమైనదే. కానీ దాని ముగింపు గురించి చెప్పకుండా వదలకూడదు. 1713 మార్చిలో దక్షిణ కెరొలీనా నుంచి వచ్చిన జేమ్స్ మూర్ సేన, ఇప్పటి గ్రీన్ కౌంటీలోని స్నో హిల్ దగ్గర ఉన్న నియొహెరోకా కోటను ముట్టడించి కాల్చేసింది. ఆ సేనలో ఎక్కువమంది ఇతర ఆదివాసీ జాతుల వాళ్ళే. చచ్చినవాళ్ళు, పట్టుబడినవాళ్ళు కలిసి తొమ్మిది వందల పైచిలుకు. వందలమంది కోటలోనే కాలిపోయారు. పట్టుబడినవాళ్ళను బానిసలుగా అమ్మారు. ఒక భాష మాట్లాడే జనంలో అంత భాగం నాలుగు రోజుల్లో పోయింది. భాషలు ‘అంతరించిపోతాయి’ అని మనం రాస్తుంటాం. ఆకులు రాలినట్టు వాటంతట అవే పోతాయని అనిపించేలా రాస్తాం. ఆ క్రియాపదం వాడేముందు ఈ కోటను గుర్తుచేసుకోవాలని నా మనవి.

మిగిలినవాళ్ళలో కొందరు కెరొలీనాలోనే ఉండిపోయారు. వాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది, గుర్తింపు కోసం పోరాడుతోంది. ఎక్కువమంది దశాబ్దాల పాటు చిన్న చిన్న గుంపులుగా ఉత్తరానికి నడిచారు. అక్కడ మొహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా జాతులు కలిసి ఏర్పరచుకున్న సమాఖ్య ఉంది. యూరోపియన్లు దాన్ని ఇరొక్వా అన్నారు. వాళ్ళు హోదెనొషోనీ అంటారు. టస్కరోరా కూడా వాళ్ళ భాషల కుటుంబానిదే. ఒనైడాలు ముందుండి మాట్లాడి, 1722 ప్రాంతంలో వీళ్ళను ఆరో జాతిగా చేర్పించారు. పెన్సిల్వేనియా ఇవ్వని చోటు బంధువులు ఇచ్చారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఒనైడా, టస్కరోరాల్లో ఎక్కువమంది కొత్త దేశం వైపు నిలిచారు. బ్రిటన్ వైపు నిలిచినవాళ్ళు తరవాత కెనడాలోని గ్రాండ్ రివర్‌కు వెళ్ళి స్థిరపడ్డారు. నయాగరా పక్కన ఉండిపోయినవాళ్ళకు సెనెకాలు ఒక చదరపు మైలు ఇచ్చారు. హాలండ్ ల్యాండ్ కంపెనీ ఇంకో రెండు ఇచ్చింది. 1804లో కెరొలీనా భూముల మీద వచ్చిన డబ్బుతో మరో 4,329 ఎకరాలు వాళ్ళు కొనుక్కున్నారు. ఆ కొనుగోలును గుర్తుపెట్టుకోండి. పోగొట్టుకున్న నేల సొమ్ముతో కొనుక్కున్న నేల అది. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక భాష దగ్గరికి వద్దాం. మన కవులు పెదవికి పెదవి తగలకుండా పద్యం చెప్పడం ఒక విద్యగా సాధించారు, దానికి నిరోష్ఠ్యం అని పేరు పెట్టుకున్నారు. టస్కరోరా సొంత మాటల్లో ప, బ, మ ధ్వనులు దాదాపు ఉండవు. రోజువారీ మాట అంతా పెదవులు మూయకుండానే సాగిపోతుంది. మన లక్షణకారులు ఉ, ఒ, వ లను కూడా వదిలేయమంటారు, టస్కరోరాలో అలాంటి ధ్వనులున్నాయి, కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు. అయినా మన అవధానులు ఒక్కసారి ఆ భాష వింటే సంతోషిస్తారనే నా నమ్మకం.

క్రియ నిర్మాణం ఇంకా ఆసక్తికరం. మనం చూశాను, చూశాడు అని చేసినవాడిని క్రియ చివర చెబుతాం. టస్కరోరాలో ఆ సూచన క్రియ ముందు వస్తుంది. ఎవరు చూశారో, ఎవరిని చూశారో రెండూ తరచు ఒకే ఉపసర్గలో కలిసిపోతాయి. దేన్ని చేశారో ఆ వస్తువు పేరు కూడా క్రియ కడుపులోకి చేరగలదు. మనకు ఒక వాక్యం పట్టే సంగతి అక్కడ ఒక క్రియలో ఇమిడిపోతుంది.

లింగం విషయం ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. ఏకవచనంలో మన వ్యాకరణం ఆడవాళ్ళను అమహత్తులో, అంటే పశువులు, వస్తువుల వర్గంలో, కలిపేసింది. టస్కరోరాలో ఆడవాళ్ళకు వాడే ఉపసర్గనే ‘ఎవరో ఒకరు’ అని, ‘మనుషులు’ అని మామూలుగా చెప్పడానికి కూడా వాడతారు. వ్యాకరణం చూసి సమాజం ఇలా ఉంటుందని ఊహించకూడదని మేము తరగతిలో చెబుతాం, అది సరైన మాటే. అయినా వంశం తల్లి నుంచి వచ్చే చోట, నాయకుడిని ఆడవాళ్ళు నిలబెట్టే చోట, ఆ ఉపసర్గ ఎదురైనప్పుడు నేను కాసేపు ఆగి ఆలోచిస్తాను.

ఈ భాషను రాసిపెట్టిన హ్యూయిట్ ఆ లూయిస్టన్ దగ్గరే పుట్టారు. తల్లి వైపు నుంచి టస్కరోరా రక్తం ఉంది. ఇంట్లో మాట్లాడింది మాత్రం ఇంగ్లీషు. మరి టస్కరోరా ఎక్కడ నేర్చుకున్నారు? బడికి వెళ్ళినప్పుడు తోటిపిల్లల దగ్గర నేర్చుకున్నారు. నా ప్రసంగానికి ఆయువుపట్టు ఇదే కాబట్టి ఇంకోసారి చెబుతాను. ఆ భాషకు అందరికంటే పెద్ద లేఖకుడు దాన్ని ఉయ్యాలలో నేర్చుకోలేదు, ఆటస్థలంలో నేర్చుకున్నాడు. 1870 ప్రాంతంలో ఆ బడి ఆవరణలో టస్కరోరా మాట్లాడే పిల్లలు అంతమంది ఉన్నారు కాబట్టి, వేరే భాష మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి కూడా అది అబ్బింది.

1880లో అర్మినీ స్మిత్ అనే పరిశోధకురాలు ఆయన్ను సహాయకుడిగా తీసుకుంది. ఆమె 1886లో చనిపోయింది. ఆమె మొదలుపెట్టిన టస్కరోరా నిఘంటువును పూర్తి చేయమని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన జాతిశాస్త్ర విభాగం హ్యూయిట్‌కు ఉద్యోగమిచ్చింది. చనిపోయేదాకా, అంటే యాభై ఏళ్ళకు పైగా, ఆయన అక్కడే పనిచేశారు. ఒక మాట సరిగ్గా పడిందనే తృప్తి కలిగేదాకా అచ్చుకు ఇచ్చే మనిషి కాదు. అందువల్ల ఆయన బతికుండగా వెలువడింది తక్కువ, పెట్టెల్లో మిగిలింది కొండంత. నిఘంటువు ఆయన జీవితకాలంలో అచ్చు కాలేదు. ఆయన రాతప్రతుల్లోని కథలు, పాఠాలు 1987లో పుస్తకంగా వచ్చాయి. భాషాశాస్త్రవేత్త బ్లెయిర్ రూడ్స్, డొరొతీ క్రౌస్ కలిసి వాటిని సిద్ధం చేశారు. రూడ్స్ సంకలించిన పెద్ద నిఘంటువు 1999లో టొరంటో విశ్వవిద్యాలయం అచ్చువేసింది. మేరియన్ మిథున్ వ్యాకరణం 1976లోనే వచ్చింది. ఆ లెక్కన టస్కరోరా అదృష్టం ఉన్న భాషే. మన దేశంలో ఎన్నో భాషలకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

రాసుకోవడం బయటివాళ్ళ పని మాత్రమేనని అనుకోకండి. 1820ల చివర్లోనే డేవిడ్ కూసిక్ అనే టస్కరోరా ఆయన తమ సమాఖ్య పురాచరిత్రను ఇంగ్లీషులో రాసి అచ్చువేయించాడు. ఆకాశం నుంచి ఒక స్త్రీ కిందికి రావడం, తాబేలు వీపు మీద భూమి పెరగడం, రాక్షసులతో పోరాటాలు, జాతుల కూటమి ఏర్పడటం, అన్నీ తన మాటల్లో చెప్పాడు. అమెరికా ఆదివాసులు తమ చరిత్రను తామే రాసుకుని అచ్చువేసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. తారీఖులు సరిగా లేవని కొందరు పండితులు దాన్ని చిన్నచూపు చూశారు. పురాణానికి తారీఖు అడగడం ఆ పండితుల పొరపాటు.

ఇన్ని పుస్తకాలున్నా భాష మాట్లాడేవాళ్ళు ఎందుకు తగ్గిపోయారు? పిల్లలను తోటివాళ్ళ మధ్య నుంచి లాగేశారు కాబట్టి. పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే చోట 1879 నుంచి 1918 దాకా ఆదివాసీ పిల్లల కోసం ఒక హాస్టలు బడి నడిచింది. లోపలి ‘ఇండియన్’ను, అంటే ఆదివాసిని, చంపి మనిషిని మిగల్చాలన్నది దాన్ని స్థాపించిన అధికారి నినాదం. అక్కడ సొంత భాష మాట్లాడటం తప్పు. వేరువేరు జాతుల పిల్లలను కలిపి ఉంచేవారు. అందువల్ల ఇంగ్లీషు తప్ప వాళ్ళకు ఉమ్మడి భాష మిగలదు. టస్కరోరా పిల్లలు కూడా అక్కడికి వెళ్ళారు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న ఫ్రాంక్ మౌంట్ ప్లెజంట్ టస్కరోరానే, కార్లైల్ విద్యార్థే. కెనడా వైపు బ్రాంట్‌ఫర్డ్‌లో మొహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే హాస్టలు బడి 1970 దాకా నడిచింది. ఆ బడుల నుంచి తిరిగి వచ్చినవాళ్ళు తల్లిదండ్రులయ్యాక, మా దెబ్బలు మా పిల్లలకు వద్దని ఇంగ్లీషులోనే పెంచారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు, మీకూ లేదు.

బడుల తరవాత నేల వంతు వచ్చింది. 1950ల చివర్లో నయాగరా నీటితో పెద్ద జలవిద్యుత్ కేంద్రం కట్టాలని న్యూయార్క్ రాష్ట్ర విద్యుత్ సంస్థ నిర్ణయించింది. దాని అధిపతి రాబర్ట్ మోజెస్. రిజర్వాయరు కోసం టస్కరోరాల నుంచి 1,383 ఎకరాలు అడిగారు. ఉన్న నేలలో అయిదో వంతుకు పైన. జాతి పెద్దలు అమ్మేది లేదన్నారు. ఎంత డబ్బిస్తామన్నా అమ్మేది లేదన్నారు. సర్వేయర్లు వచ్చినప్పుడు ఆడవాళ్ళు, పిల్లలు కూడా దారికి అడ్డంగా నిలబడ్డారు. కొందరిని అరెస్టు చేశారు. క్లింటన్ రికార్డ్ అనే పెద్దాయన కుటుంబం ఆ పోరాటంలో ముందుంది. రెండు దేశాల సరిహద్దును ఆదివాసులు స్వేచ్ఛగా దాటే హక్కు కోసం 1926లో సంఘం పెట్టినవాడు ఆ రికార్డే. కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1960 మార్చి 7న తీర్పు వాళ్ళకు వ్యతిరేకంగా వచ్చింది. కోర్టు చూపిన కారణం వినండి. ఈ నేలను వాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కున్నారు కాబట్టి, ప్రభుత్వం ఆదివాసుల కోసం కేటాయించిన నేలలకు (వాటినే అక్కడ రిజర్వేషన్లు అంటారు) చట్టం ఇచ్చే రక్షణ దీనికి వర్తించదట. 1804 కొనుగోలును గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. విభేదించిన న్యాయమూర్తి హ్యూగో బ్లాక్ ఒక మాట రాశాడు. గొప్ప మనుషుల్లాగే గొప్ప దేశాలు కూడా ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి అని. చివరికి మునిగింది సుమారు 550 ఎకరాలు. వాళ్ళు పోరాడారు కాబట్టే మిగతాది మిగిలింది.

భాష గురించి మాట్లాడుతూ రిజర్వాయరు సంగతి ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. ఒక వీధిలో ఉన్న పది ఇళ్ళు పది చోట్లకు పోతే, సాయంత్రం అరుగుల మీద జరిగే మాటలు ఆగిపోతాయి. పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి ఊళ్ళు ఖాళీ అవుతున్నప్పుడు మనం ఎకరాలు లెక్కపెట్టాం, ఇళ్ళు లెక్కపెట్టాం. ఏ ఊరివాళ్ళను ఎవరి పక్కన దింపారు, వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఏ భాషలో ఆడుకుంటున్నారు అని అడిగినవాళ్ళు తక్కువ.

1970ల నడుమ నాటికి అమెరికా, కెనడా రెండు వైపులా కలిపి టస్కరోరా మాట్లాడగలిగినవాళ్ళు యాభై మంది దాకా ఉండేవారు. అందరూ పెద్దవాళ్ళే. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఆ భాషతోనే పెరిగిన తరంలో చివరివారు 2020లో కన్నుమూశారు. అక్కడితో కథ ముగిసిందని పత్రికలు రాస్తాయి. నేను ఒప్పుకోను.

ఎందుకు ఒప్పుకోనంటే, ఆ నేల మీద ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. బడి చేరకముందు తరగతి నుంచి ఆరో తరగతి దాకా పిల్లలకు టస్కరోరా నేర్పుతున్నారు. నేర్పేవాళ్ళు ఆ ఊరి వాళ్ళే, పెద్దల దగ్గర పట్టుదలగా నేర్చుకుని వచ్చినవాళ్ళు. కలిసినప్పుడు పలకరింపుగా ‘చ్వేన్’ అని, మేలు చేస్తే ‘న్యావె’ అని పిల్లలు అంటారు. సభలకు, పనులకు ముందు భూమికి, నీళ్ళకు, మొక్కలకు, గాలులకు, సూర్యచంద్రులకు వరసగా కృతజ్ఞత చెప్పే ప్రసంగం ఈ ఆరు జాతుల సంప్రదాయం. దాన్ని వాళ్ళ భాషలో చెప్పడం నేర్పుతారు. దాన్ని కంఠస్థం చేయడం అంటే భాషలోని ఎంత వ్యాకరణం నోటికి వస్తుందో మన శతకాలు వల్లించిన తరానికి వివరించనక్కరలేదు. ఇంట్లో టస్కరోరా వినని పిల్లలు బడిలో నేర్చుకోవడం అసాధ్యమని అనేవాళ్ళకు నా దగ్గరున్న జవాబు హ్యూయిట్. ఆయనా అలా నేర్చుకున్నవాడే. తేడా ఒక్కటే. అప్పుడు చుట్టూ ఉన్న పిల్లలకు భాష వచ్చు, ఇప్పుడు పిల్లలందరూ ఒకేసారి నేర్చుకోవాలి. కష్టం చాలా ఎక్కువ, కాదనను. ఉచ్చారణ మారుతుంది, వ్యాకరణంలో కొన్ని మెలికలు సులువవుతాయి. మారిన టస్కరోరా కూడా టస్కరోరానే. గ్రాంథికవాదులతో పంతులుగారు చేసిన వాదం ఇక్కడ కూడా పనికొస్తుంది.

బడి ఒక్కటే అయితే నాకు ఇంత ధైర్యం ఉండేది కాదు. ఆ బడి చుట్టూ జీవితం ఉంది. టస్కరోరా తెల్ల మొక్కజొన్న ఇంకా పండిస్తున్నారు. గింజలను కట్టె బూడిద కలిపిన నీళ్ళలో ఉడికించి, పొట్టు ఊడదీసి, బుట్టలో వేసి కడిగి, రొట్టెలు, పులుసు చేస్తారు. ఆడవాళ్ళ పూసల పని ఉంది. గుడ్డ మీద పూసలు పొంగి లేచినట్టు కుట్టే శైలి వాళ్ళది. నయాగరా దగ్గర యాత్రికులకు ఆ వస్తువులు అమ్ముకునే హక్కు వాళ్ళకు ఎలా వచ్చిందో చెప్పే సంప్రదాయ కథ ఒకటి ఉంది. 1813 డిసెంబరు 19న బ్రిటిష్ దాడిలో లూయిస్టన్ తగలబడుతుంటే, కొద్దిమంది టస్కరోరాలు అడ్డు నిలిచి ఊరివాళ్ళు తప్పించుకునే వ్యవధి సంపాదించారు. ఆ మేలుకు బదులుగా జలపాతం పక్క నేల యజమానులు ఆ హక్కు ఇచ్చారంటారు. సరిగ్గా రెండు వందల ఏళ్ళకు, 2013లో, లూయిస్టన్ పట్టణం వాళ్ళ గౌరవార్థం కంచు విగ్రహాలు నిలిపింది. అదే ఏడాది నియొహెరోకా కోట దగ్గర కూడా స్మారకం వెలిసింది. మూడు వందల ఏళ్ళ తరవాత ఉత్తరం నుంచి టస్కరోరాలు అక్కడికి వెళ్ళారు.

ఇంకొకటి ఉంది. 1794లో కాననడైగ్వా దగ్గర ఈ ఆరు జాతులకు, అమెరికాకు మధ్య ఒప్పందం జరిగింది. ఏటా 4,500 డాలర్ల విలువైన వస్తువులు ఇస్తామని అందులో అమెరికా రాసి ఇచ్చింది. ఇప్పటికీ ఏటా దాని కింద గుడ్డ వస్తుంది. ధరలు పెరిగి, ఒక్కొక్కరి వాటాకు వచ్చే ముక్క చాలా చిన్నదైపోయింది. డబ్బు తీసుకోండి, గుడ్డ ఎందుకు అంటే వాళ్ళు వద్దన్నారు. గుడ్డ వచ్చినంతకాలం ఒప్పందం బతికున్నట్టు. మన దగ్గర వారసత్వ సంపద అనగానే కోటలు, శాసనాలు గుర్తొస్తాయి. గజం గుడ్డ కూడా శాసనమేనని నాకు నేర్పింది వాళ్ళు.

చివరిగా కాగితాలు, టేపుల సంగతి. హ్యూయిట్ రాతప్రతులు వాషింగ్టన్ దగ్గర స్మిత్‌సోనియన్ భాండాగారంలో ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో పరిశోధకులు సేకరించిన టస్కరోరా సామగ్రి కొంత ఫిలడెల్ఫియాలోని అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీలో ఉంది. దశాబ్దాల పాటు అవి విద్వాంసులకు అందుబాటులో ఉన్నంతగా ఆ మాటలు చెప్పినవాళ్ళ మనవలకు అందుబాటులో లేవు. ఇప్పుడు ఆ సొసైటీ తన దగ్గరున్న ఆదివాసీ భాషల టేపుల డిజిటల్ ప్రతులను ఆయా జాతులకు ఇస్తోంది, ఏది బహిరంగంగా ఉంచాలో ఏది ఉంచకూడదో వాళ్ళనే అడుగుతోంది.

మన మాటకు వస్తాను. ఈ శతాబ్దపు మొదటి దశకంలో ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ, గోండి, కొలామి వంటి భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు తయారయ్యాయి. మంచి పని. ఆ వాచకాలు ఈ సంవత్సరం ఏ ఏ బడుల్లో తెరుస్తున్నారో ఈ సభ నుంచి వెళ్ళాక ఎవరైనా కనుక్కోవాలి. ఇక మా తరం భాషాశాస్త్రవేత్తలు గదబ, కొండ, కొలామి ఊళ్ళు తిరిగి నింపుకొచ్చిన టేపులు అల్మారాల్లో ఉన్నాయి. వాటి మీద మాకు పట్టాలు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. అందులో పాడిన ముసలమ్మ గొంతు ఆమె మనవరాలు వినలేదు. టేపు అయస్కాంతపు పూత ఏటా కొంత రాలిపోతుంది కాబట్టి ఈ పనికి ఎక్కువ గడువు లేదు. నా దగ్గరున్నవాటిని డిజిటల్‌లోకి మార్చి ఆయా ఊళ్ళ బడులకు ఇవ్వడం నేను మొదలుపెడతాను. పరికరాలు తెలిసిన విద్యార్థులు కావాలి, ఆ భాషలు మాట్లాడే విద్యార్థులు ఇంకా ఎక్కువ కావాలి. పేర్లు ఇవ్వదలచినవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.